బగార గంజులో గడ్డంపువ్వు

2011. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తోంది. కోరుట్లలో మా మసాలాలు, మూలికల దుకాణానికి షట్టర్ సగం దించే ఉండేది. నాన్న పోయాక గల్లా దగ్గర నేనొక్కదాన్నే. నేను బడికి పోలేదు. చదువైనా, సరుకు గుర్తుపట్టడమైనా నాన్న ఇంట్లో పెట్టిన భిక్షే.

మసాలాలో వేసే రాతిపువ్వు ఒక లైకెన్. అంటే బూజు, నాచు కలిసి ఒకే ఒంట్లో కాపురముండే జీవి. కొండల నుంచి వచ్చే బస్తాల్లో ఆ రేకులతోపాటు గడ్డంలా వేలాడే పోగులూ వస్తాయి. వాటిని మేం గడ్డంపువ్వు అంటాం. అది వేరే జీనస్, పేరు అస్నియా. జీనస్ అంటే ఇంటిపేరు అనుకోండి. ఆ ఇంట్లో రకాలు చాలా ఉన్నాయి, వాటిని విడదీయడం పెద్ద చదువుల పని. ఇంటిపేరు మాత్రం చేత్తోనే తెలుస్తుంది: తడిపి లాగితే పైతొక్క పూసల్లా విడిపోయి, లోపల తెల్లదారం రబ్బరులా సాగుతుంది.

ఒకరోజు వంటావార్పు. నడిరోడ్డు మీద వండుకుని తినే నిరసన అది. కథలాపూర్ మరియమ్మ మా దుకాణం మసాలాతో పెద్ద గంజు నిండా బగార అన్నం వండింది. పెండ్లిళ్లకు వండడమే ఆమె బతుకుతెరువు. మధ్యాహ్నం నా దగ్గరికి ఏడుస్తూ వచ్చింది.

"అక్కా, బగారల ఎంటికలున్నయని ఎవ్వలు ముట్టుతలేరు. ఇగ నన్ను పెండ్లిళ్లకు ఎవలు పిలుస్తరు?"

ఆమె అరచేతిలో ఉన్నది గడ్డంపువ్వు. వెంట వెళ్లి, పెద్దమనిషి మల్లయ్య ముందు పోగును లాగి చూపించాను.

"ఎంటికైతే గిట్ల సాగుతదా, మామా? ఇది గడ్డంపువ్వు. జర చేదు, గంతే. విషం గాదు."

"గడ్డమా? గీక్కోని రమ్మను బగారను!" ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

మల్లయ్య నవ్వలేదు. "ఎంటిక గాదు, ఒప్పుకున్న. అయినా మాకు ఆకలైతలేదు బిడ్డా."

ఆ మాటతో అర్థమైంది. మరియమ్మ వండుతుందన్నప్పుడే, ఆమె చేతి అన్నమా అని కొందరు మొహం తిప్పుకున్నారు. వెంట్రుక సాకు మాత్రమే.

విస్తరి వేసుకుని రోడ్డు మీద కూర్చున్నాను. "వడ్డించు, మరియమ్మా."

నేను దండం పెట్టుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. అంత రోడ్డు మీద ఇద్దరమే తిన్నాం.

"చేదున్నదా, అక్కా?"

"ఉన్నది. ఇంకింత పెట్టు."

మూడో విస్తరి పడలేదు. ఆ ఏడు కోరుట్లలో ఆమెను ఒక్క పెండ్లికీ పిలవలేదు. సరుకు ఏమిటో తేల్చి చెబితే నా పని అయిపోతుందనుకునేదాన్ని. వండిన మనిషి పక్కన కూర్చుని తినేదాకా అది సగమేనని ఆ రోజు తెలిసింది. ఆ అన్నం నాకు పెట్టించినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.