చైనా తాత ముట్టని అన్నం

మా పక్కింటి చైనా తాత పోయాడని మొన్న మధ్యాహ్నం వాళ్ల ఇంట్లో అద్దెకుండే ఆయన గోడ అవతల నుంచి కేకేసి చెప్పాడు. అంటుజబ్బు రోజులు కదా, మా అహ్లోన్ పేటలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆయన బన్నులు తిని పెరిగిన వాళ్లు కూడా కిటికీలు మూసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయనది చైనాలో ఉత్తరాన షాన్‌డాంగ్. అక్కడ గోధుమలు, కొర్రలు తింటారట. మా వీధిలోని మిగతా చైనా వాళ్లంతా దక్షిణాది నుంచి వచ్చిన అన్నం మనుషులు. ఈయన మాత్రం రోజూ తెల్లవారకముందే గోధుమపిండి పిసికి, నిన్నటి పులిసిన ముద్ద కొంచెం కలిపి, ఆవిరిమీద తెల్లటి బన్నులు ఉడికించి అమ్మేవాడు. మా అమ్మ కాచే చోడి అంబలి ఇష్టంగా తాగేవాడు. అన్నం పెడితే మాత్రం ముఖం చిట్లించి, మా ఇంట్లో పట్టుకున్న తెలుగులో, "ఏటమ్మా, నానేటి రోగినా? ఈ మెత్తటి కూడు నాకెందుకు?" అనేవాడు.

సైన్యం మీద తిరుగుబాటు మొదలయ్యాక, వీధి మొగలో ఇసుక బస్తాలు పేర్చుకుని నిలబడ్డ కుర్రాళ్లకు బన్నులు పంచాడు. ఎవడో చాడీ చెప్పాడు. సైనికులొచ్చి పిండి తొట్టెను మురిక్కాలవలో బోర్లించారు. ఒకడు అంచున పడ్డ ముద్దను బూటుతో తొక్కి నవ్వాడు కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది.

పాత ముద్ద మొత్తం పోయింది. అయితే ఆయన ఎప్పుడో ఇచ్చిన ముద్దను మా అమ్మ, బాగా పొంగుతుందని దోసెల రుబ్బులో కలిపేసి, ప్రతిసారీ కాస్త మిగిల్చి వాడుకుంటోంది. అందులోంచే గరిటెడు తీసి ఇచ్చింది.

"ఇదే ఉంది బాబాయ్. బియ్యం కలిసిపోనాది, ఏటి సేత్తాం?"

"ఛీ, బియ్యవా!" అంటూనే పట్టుకెళ్లి కొత్త పిండిలో కలుపుకున్నాడు. ఆ తర్వాత కొరికిన ప్రతి బన్నుకీ "బియ్యం కంపు" అని మూతి తిప్పేవాడు. వీధులు మూసేసిన రోజుల్లో కొట్టువాడు పురుగుల పిండి అంటగడితే, తిట్టుకుంటూ జల్లించి, గోడమీంచి మాకూ బన్నులు అందించాడు. ఆ రోజుల్లో మా కడుపులు నిండింది వాటితోనే.

సాయంత్రం చైనా సంఘం పెద్దాయన వచ్చి, శవం కాళ్ల దగ్గర గిన్నెడు అన్నం పెట్టి, దానిలో వాళ్లు తినే పుల్లలు గుచ్చాడు.

"బతికుండగా ముట్టని కూడు ఇప్పుడు పెడతారా?" అన్నాను.

"అందరికీ ఇదేనమ్మా ఆచారం. పొద్దున్నే శవాన్ని తీసుకెళ్లిపోతాం."

నాకు పట్టరాని అసహ్యం వేసింది. తాత వంటగదిలో మిగిలిన ముద్దకు బూజు పట్టింది. ముక్కు మూసుకుని పైదంతా గీకి పారేసి, లోపలిది పిండిలో కలిపి ఉంచాను. తెల్లవారాక ఉడికించి తీసుకెళ్లాను.

పెద్దాయన బన్నును వేలితో నొక్కి చూశాడు. బాగా పొంగినదైతే వేలు తీయగానే పైకి లేస్తుంది. నాది లేవలేదు. ఆయన అన్నం గిన్నె పక్కకు తీసి, ఆ బన్నునే తాత కాళ్ల దగ్గర పెట్టాడు. దానిమీద పెద్దాయన వేలి గుంట అలాగే ఉంది.