వదిన చెప్పని సాక్ష్యం

గుండుగొలను దాటాక రోడ్డు పక్కనున్న రొయ్యల షెడ్డులో ఆరేళ్లు పనిచేశాను. రొయ్యల తలలు తుంచి, పొట్టు ఒలిచే పని. నా పక్కనే నిలబడి ఒలిచే ఆవిడది మా చర్చే. నాకంటే పెద్దది. చుట్టం కాకపోయినా వదినా అని పిలిచేదాన్ని. సూపర్‌వైజర్ నన్ను ఐస్ గదిలో పట్టుకున్న రోజు, తలుపు తోసుకొచ్చి విడిపించింది ఆ వదినే.

“ఊరుకోకు అమ్మాయ్. నేను సాక్ష్యం చెప్తాను” అంది. ఆ ధైర్యంతోనే ఏలూరు కలెక్టరాఫీసుకు వెళ్లి, ఇలాంటివి విచారించే కమిటీకి ఫిర్యాదు రాసిచ్చాను.

కమిటీ తరఫున విచారణకు వచ్చినావిడ రిటైరైన జడ్జి. ఆవిడ పనిచేసిన కోర్టులో అంతకుముందు ఆడ జడ్జి లేరట. రిటైరయ్యాక కొల్లేటి ఊళ్లన్నీ తిరిగి, కూలికెళ్లే ఆడవాళ్లకు చట్టం విడమరిచి చెప్పేవారు. మా చర్చి ఆవరణలో ఆవిడ మాటలు విన్నాకే, ఇలాంటివాటికి ఫిర్యాదు చేయవచ్చని నాకు తెలిసింది.

షెడ్డు ఆఫీసులో, మేనేజరు కూడా ఉండగా, నా ఎదుటే వదినను అడిగారు.

“ఆ రోజు ఐస్ గదిలో ఏం చూశారమ్మా?”

వదిన నా వైపు చూడలేదు. “నేనేం చూడలేదండీ. ఆ రోజు అటు వెళ్లనే లేదండీ.”

అంతకు రెండు రోజుల ముందే ఆవిడ కూతురికి అదే ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారని తర్వాత తెలిసింది.

ఇక ఫైలు మూసేస్తారనుకున్నాను. జడ్జిగారు మూయలేదు. మేనేజరును బయటికి పంపి, మిగతా ఆడవాళ్లను ఒక్కొక్కరినే పిలిపించారు. ముదినేపల్లి నుంచి వచ్చే ఒకావిడ, నాతో ఎన్నడూ మాట కలపని మనిషి, తనకూ అలాగే జరిగిందని చెప్పింది. నెల తిరక్కుండా సూపర్‌వైజర్‌ను తీసేశారు.

“వదిన అబద్ధం చెప్పిందండీ” అన్నాను జడ్జిగారితో.

“తెలుసమ్మా. ఆవిణ్ణీ ఎవరో లొంగదీసి ఉంటారు. మీ కోపం వాళ్ల మీద ఉండనివ్వండి.”

సబబైన మాటే. నాకు చేతకాలేదు.

ఒక ఆదివారం వదిన చేపల పులుసు గిన్నెతో మా గుమ్మంలోకి వచ్చింది. “వందనాలమ్మాయ్. పిల్ల బతుకు చూసుకున్నాను, ఏమనుకోకు” అంది.

“ఆ మాట ముందే చెప్పుంటే, మిమ్మల్ని సాక్ష్యానికి పిలిచేదాన్నే కాదండీ” అన్నాను. లోపలికి రమ్మనలేదు.

గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. తలుపేసుకుని ఏడ్చాను. సూపర్‌వైజర్ చేసినదానికి కూడా నేనంత ఏడవలేదు.