బేతంచెర్లలో ఖాసింబీ పొయ్యి

1947 సెప్టెంబరు 28, ఆదివారం. ఈరోజు నన్ను మొదట ఆశ్చర్యపరిచింది డోన్ స్టేషనులో బోర్లించి ఉన్న నీళ్లకుండ. ప్లాట్‌ఫారం మీద హిందువులకొకటి, ముస్లింలకొకటి కుండలుంటాయని రైలెక్కేవాళ్లందరికీ తెలుసు. ఆ రెండో కుండే బోర్లించి ఉంది. దాని దగ్గర కూర్చునే ముసలాయన ఏడని అడిగితే, మొదటి కుండ దగ్గర కూర్చున్నాయన తల తిప్పకుండా, "బయపడి రావడంల్యాదప్పా" అన్నాడు.

నేను బయలుదేరింది మా మేనమామ పిలుపు మీద. ఆయన బేతంచెర్ల క్రైస్తవ సంఘానికి ఉపదేశి. ఈ ఏడు కోతపండుగ పాటలూ విందూ మానుకుని, పంజాబులో చనిపోతున్నవాళ్ల కోసం దుఃఖప్రార్థన పెట్టుకున్నామనీ, ఆ ప్రార్థన నన్నే రాయమనీ కబురు చేశాడు. కర్నూలులో చదువుకుంటూ, కొత్తమాట దొరికితే రోజంతా దాన్నే నోట్లో తిప్పుకునే నాకు ఇంతకన్నా ఏం కావాలి? వారమంతా రాశాను. కర్నూలులో చీకటితోనే బండి ఎక్కి, డోన్‌లో దిగి నంద్యాల వైపు పోయే బండి పట్టుకోవాలి. మూడో తరగతి ఛార్జీ మొత్తం రూపాయికి కాస్త పైన అవుతుంది. డోన్‌లో చాలాసేపు కూర్చోవలసి ఉంటుంది, తినడానికి ఏదైనా కట్టుకుపోవడం మేలు.

బేతంచెర్ల స్టేషను బయట జట్కా ఎక్కాను. దారికి రెండువైపులా నాపరాళ్లు పేర్చి ఉన్నాయి. ఆదివారం కాబట్టి సుత్తుల చప్పుడు లేదు. సంగతి తెలిసి జట్కావాడు ఎగతాళి చేశాడు. "యాడో పంజాబులో చంపుకుంటాంటే ఈడ మీరు పండగ మానుకునేదేందప్పా? మీరు ఏడిస్తే వాళ్లు చంపేది నిలబెడ్తారా?" నేను దిగుతుంటే చెయ్యి చాపి నవ్వాడు. "రెండణాలియ్యి. ఏడుపు ఊరికే వస్తాది, బండి ఊరికే రాదు."

గుడిలో జనం నిండుగా ఉన్నారు. బల్ల పక్కన, పాటలు లేకపోయినా, కొత్త కొర్రల మూట ఒకటి ఎవరో తెచ్చి పెట్టారు. మామ నా ప్రార్థన చదివాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఒక్క కన్నూ తడవలేదు. మామ, చావింట్లో శోకం ఎత్తుకోవడంలో పేరున్న మార్తమ్మ వైపు తిరిగాడు. "మార్తమ్మా, నువ్వు మొదలుపెట్టు."

ఆమె లేవలేదు. "పేరు చెప్పయ్యా. ఎవురి కొడుకు? యాపొద్దు పుట్న్యాడు? పేరు లేకుండా ఎట్ల ఏడ్సేది?"

వెనక నుంచి ఒకాయన, "మన ఖాసింబీ కొడుకు లేడా, బాషా. ఆయప్ప పేరు పెట్టి ఏడు" అన్నాడు. గనుల దగ్గర టీ అమ్మే ఖాసింబీకి బాషా ఒక్కడే కొడుకు. సైన్యంలో చేరి, యుద్ధం అయ్యాక ఢిల్లీలో గోదాము పనికి కుదిరాడు. గొడవలు మొదలైనప్పటి నుంచి కబురు లేదు.

మార్తమ్మ కస్సుమంది. "నోరు ముయ్యి. సచ్చినాడని నీకెవురు చెప్పినారు? సచ్చింటే ఇరుగుపొరుగు కూడు తీస్కపోతారు. సచ్చినాడో లేదో తెలీని ఇంటికి ఎవురు తీస్కపోతాండారు? ఆయమ్మ పొయ్యి వెలిగి ఎన్నాళ్లయిందో మీకెవురికన్నా తెల్సునా?"

ఎవరికీ తెలియదు. మామ బైబిలు మూసి కొర్రల మూట ఎత్తుకున్నాడు. "కూడు తీస్కపోతే సావుకూడు అనుకుంటాది. గింజలు తీస్కపోయి ఆమె పొయ్యిమీదే వండుదాం" అన్నాడు. అందరం ఆయన వెంట నడిచాం. ఆ నిమిషంలో నాకది చాలా గొప్పగా అనిపించింది.

ఖాసింబీ వాకిట్లో కూర్చుని ఉంది. వీధి మొదట్లోనే మమ్మల్ని చూసింది. ముందు తెల్ల అంగీ ఉపదేశి, వెనక ఆదివారం తెల్లబట్టల్లో ఊరేగింపులా మేము, ఎవరి నోటా మాట లేదు. చావుకబురు తెచ్చేవాళ్లు అచ్చం అట్లాగే వస్తారు. మాలో ఎవరికీ, మార్తమ్మకు కూడా, అది తట్టలేదు. ఆమె లేవబోయి గడప మీద కూలబడింది. "నా బిడ్డేనా? అయ్యా, నా బిడ్డేనా?"

మార్తమ్మ పరుగెత్తింది. "కాదక్కా, కాదు! కబురేం ల్యాదు! మాకు ఆకలైతాంది, వండుకోను వచ్చినాం!"

ఆమె నమ్మడానికి చాలాసేపు పట్టింది. మామ నన్నూ మార్తమ్మనూ ఉంచి మిగతా అందర్నీ వెనక్కి పంపి, చొక్కా మీద తొడుక్కున్న తెల్ల అంగీ విప్పి చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మార్తమ్మ పొయ్యిలో చల్లబడిన బూడిద తీసి, పక్కింటి నుంచి నిప్పు తెచ్చింది. కొర్రన్నం ఉడికింది. ఖాసింబీ రెండు ముద్దలు తిని నన్ను అడిగింది. "సదువుకున్నావంట గదా నాయనా. ఢిల్లీ ఈడికి శానా దూరమా?" అవునన్నాను. "ఉత్తరం రావడానికి అందుకే ఆలిస్యమేమో" అంది. మార్తమ్మ ఆమె చేతిలో ఇంకో ముద్ద పెట్టింది.

దేశానికి ఇంత దుఃఖం వచ్చినప్పుడు ఒక చిన్న సంఘం ఏం చేయగలదని జట్కావాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. మేము ఏడిస్తే అక్కడ ఎవరూ ఆగరు. బాషా బతికి ఉన్నాడో లేదో మా ప్రార్థన తేల్చలేదు. పైగా ఓదార్చబోయి ఆ తల్లికి కొడుకు చావును ఒకసారి చూపించి వచ్చాం. అయినా పొయ్యి వెలిగింది. కబురు వచ్చేదాకా రోజుకొక ఇంటివాళ్లు పోయి వెలిగించాలని సాయంత్రం గుడిలో అనుకున్నారు. ఇలాంటి ఇంటికి పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: గుంపుగా పోకండి, దూరం నుంచే ఏదో ఒకటి మాట్లాడుతూ పోండి.

రేపు పొద్దున నా వంతు. కర్నూలు బండికి ముందే కట్టెలు తీసుకుని పోవాలి. నా తెల్లచొక్కా మడిచి, మామనడిగి ఆయన పాత నీలం చొక్కా తీసి పెట్టుకున్నాను.