దొరకని సూదిమొన

ఎనిమిదేళ్లుగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. ఇట్లాంటిదాన్ని బరువు అంటారు. నాకు బరువుగా కూడా లేదు. తిమ్మిరెక్కిన కాలులాగా, ఉందని తెలుస్తుంది, అంతే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో నేను నంద్యాల దగ్గర ఒక బట్టల యూనిట్లో పనిచేసేదాన్ని. విదేశీ కంపెనీ ఒకదానికి పిల్లల ఆటల బట్టలు కుట్టిచ్చేవాళ్లం. సరుకు తప్పుల్లేకుండా చూసి, చెప్పిన రోజుకు లారీ ఎక్కించడం నా పని. అక్కడ ఒక నియమం ఉండేది. మెషీన్ మీద సూది విరిగితే, ముక్కలన్నీ వెతికి తెచ్చి రిజిస్టర్లో టేపుతో అంటించాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ బట్టలన్నీ పక్కన పెట్టాలి. తొడుక్కునేది పిల్లలు కదా.

ఎస్తేరు ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చేది. పిల్లల ప్యాంట్లకు నడుము ఎలాస్టిక్ కుట్టేది. నాకంటే పదేళ్లు పెద్ద. మధ్యాహ్నం తన డబ్బాలోని చెనక్కాయల పొడి నా అన్నంలో వేసేది, అడగకుండానే.

ఆ రోజు సాయంత్రానికి లారీ చెన్నై రేవుకు బయలుదేరాలి. అంతకుముందు రెండుసార్లు ఆలస్యం చేశాం. ఈసారీ ఆలస్యమైతే ఆర్డరు వేరే దేశానికి పోతుందని పొద్దున్నే మేనేజర్ చెప్పాడు. మధ్యాహ్నం ఎస్తేరు విరిగిన సూది అరచేతిలో పెట్టుకుని వచ్చింది.

"మొన దొరకలే మేడమ్. బట్టలన్నీ ఇదిలించినా. మెషీన్ కింద గూడా ఎతికినా. యాడ పడిందో తెలీలే. రాసుకోండి."

"నేను చూసుకుంటాలే. నువ్వు పోయి కుట్టుకో."

"దొరక్కుండా ఎట్ల కుట్టేది మేడమ్?"

"చూసుకుంటానంటి గదా ఎస్తేరూ."

ఆమె పోయింది. నేను సొరుగు తీశాను. పాత సూది ఒకటి ఉంది. కటింగ్ ప్లయర్‌తో దాని మొన తుంచి, ఎస్తేరు తెచ్చిన ముక్క పక్కన అంటించాను. పక్కన ఆమె పేరు రాశాను. లారీ ఎక్కించే ముందు బట్టల్లో ఇనుము ముక్కలుంటే పట్టే మెషీన్ ఉంది కదా, అదే పట్టుకుంటుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక ఆ తర్వాత, నా కోసం నేను అనుకున్నానా? ఇప్పుడు తేల్చుకోలేను. లారీ టైముకు వెళ్లింది. మేనేజర్ అందరికీ టీ తెప్పించాడు. నేనూ తాగాను.

ఆ మెషీన్ పట్టుకోలేదు. రెండు నెలలకు ఆ కంపెనీ నుంచి ఒక ఫోటో వచ్చింది. చిన్నపిల్ల పొట్ట. నడుము దగ్గర సన్నటి ఎర్రగీత, సూదిమొన గీసింది. పాపకు పెద్దగా ఏమీ కాలేదని రాశారు. నేను ఆ వాక్యాన్ని చాలాసార్లు చదువుకున్నాను.

కంపెనీ మనుషులు వచ్చి రిజిస్టర్ చూశారు. అంటించిన మొన ఆ సూదిది కాదని, దానికంటే లావుదని తేల్చారు. మేనేజర్ గదిలోకి ఎస్తేరునూ నన్నూ పిలిచారు. ఈ మొన ఎక్కడిదని అడిగారు.

"నేను మొన తేలేదు సార్. దొరకలేదనే చెప్పినా. అడగండి మేడమ్‌ను," అంది ఎస్తేరు. నా వైపు తిరిగినప్పుడు ఆమె ముఖంలో భయం లేదు. నేను అక్కడున్నాను కాబట్టి లేదు. అది నాకు తర్వాత అర్థమైంది. కాదు, అప్పుడే అర్థమైంది.

"ఆ మొన ఈమే తెచ్చిచ్చింది సార్," అన్నాను.

ఎస్తేరు నన్ను చూసి, మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. చుట్టుపక్కల ఏ యూనిట్టూ ఆమెను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. నేను ఎదిగాను. ఇప్పుడు ఇంకో ఊళ్లో, ఇంకో పెద్ద యూనిట్లో ఇదే పని చేస్తున్నాను. సూది విరిగితే దాచొద్దని కొత్తవాళ్లకు చెప్పేదీ నేనే. చెప్పేటప్పుడు నా గొంతులో ఏ తేడా ఉండదు.

పోయిన ఏడాది అత్తగారివాళ్లతో జీపులో అహోబిలం పోతూ ఆళ్లగడ్డలో ఆగాం. బట్టల అంగడి ముందు ఎస్తేరు చీరలకు ఫాల్స్ కుడుతోంది. నన్ను చూసి లేచింది. స్టూలు వేసింది. పిల్లలెంతమందని అడిగింది. తర్వాత తనే అంది, సూదిలో దారం ఎక్కిస్తూ:

"ఒక్కోసారి నాకే అనుమానమొస్తాది మేడమ్. నేనే పొరపాటున ఇంకేందో మొన తెచ్చిచ్చింటినేమో అని. మీరు అబద్ధమెందుకు చెప్తారు?"

నేను కాదనలేదు. జీపు డ్రైవర్ పిలిచాడు. లేచి వచ్చేశాను.

ఉద్యోగం పోగొట్టాను, అది ఒకటి. ఆమె జ్ఞాపకాన్ని కూడా ఆమెకు కాకుండా చేశాను. దీనికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు. ఆళ్లగడ్డ పోయి ఆమె ముందు నిలబడతానా? నిలబడతానని మీకు మాటిస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు. ఇవ్వను. ఇది రాస్తే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. కాలి తిమ్మిరి వదిలేటప్పుడు మొదట చురుకుమంటుంది చూడండి, అంతమాత్రం ఏదో కదిలింది.

ఎస్తేరు నాకు ఏ మొనా తెచ్చివ్వలేదు. దొరకలేదని చెప్పింది. రాసుకోమంది. నేను విన్నాను.