పండుగ పూలకు జెనరేటర్ కరెంటు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు మా కంపెనీ నన్ను చిక్కబళ్లాపురం సర్వీస్ సెంటర్‌కు బదిలీ చేసింది. హోదా సీనియర్ సర్వీస్ ఇంజనీరు. పని మాత్రం పానాలూ మీటర్లూ పట్టుకుని బాగేపల్లి నుంచి చింతామణి దాకా తిరగడం. హోటళ్ల డీప్ ఫ్రీజర్లు, పాల చిల్లర్లు, శిడ్లఘట్టలో ఐస్‌క్రీమ్ పార్లర్లు, రైతుల కోల్డ్ రూములు అన్నీ నా కిందికే వచ్చేవి. చల్లగా ఉంచే ఉద్యోగం చేసేవాడికి ఎండే రాసిపెట్టి ఉందని మా ఆవిడ వేళాకోళం చేసేది. నాకు మాత్రం ఆ తిరుగుడు చాలా ఇష్టంగా ఉండేది.

నేను చెప్పబోయేది అక్కడ చేరిన మొదటి శ్రావణంలో, వరమహాలక్ష్మి పండుగకు ముందురోజు జరిగిన సంగతి.

చింతామణి రోడ్డులో ఒక పల్లెలో రత్నమ్మ అనే రైతు తన తోట పక్కన కోల్డ్ రూము కట్టించింది. కోల్డ్ రూమంటే మనిషి నడిచి వెళ్లగలిగే పెద్ద ఫ్రిజ్జు. లోపల చల్లగాలి విసిరే ఫ్యాన్లు, బయట కంప్రెసర్. కోసిన చామంతులు అందులో పెడితే రెండు మూడు రోజులైనా తాజాగా ఉంటాయి. ఆ ఊరి ఆడవాళ్లకు మాత్రం పూలు కోసిన పూటే మార్కెట్టుకు పంపకపోతే నిద్ర పట్టదు. ఈసారి పూలు ఆపి పండుగ ముందురోజు సాయంత్రం ఒకే వ్యానులో పంపుదామని రత్నమ్మ ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది. వాడితే తనది పూచీ అంది. ఆమె మాట మీద ఊళ్లో సగం తోటల పూలు ఆ గదిలోకి చేరాయి. అవి వాడిపోతే ఇంకెవరూ ఆమె మాట వినరు. అంత ఇష్టపడి కట్టుకున్న గది ఉల్లిగడ్డలు పోసుకోవడానికి మిగులుతుంది.

సరిగ్గా అప్పుడే గాలివానకు ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది వచ్చేలోపల పండుగే వెళ్లిపోయేలా ఉంది. రత్నమ్మ తెల్లవారగానే చింతామణి నుంచి అద్దె జెనరేటర్ తెప్పించింది. కాసేపటికి నాకు ఫోను.

“సార్, జెనరేటర్ ఎత్తుకుంటాండాది, మళ్లా పడిపోతాండాది. పూలన్నీ లోపలే ఉండాయి. బిన్నా రాండి.”

నేను వెళ్లేసరికి రత్నమ్మ కోల్డ్ రూము తలుపుకు వీపు ఆనించి స్టూలు మీద కూర్చుని ఉంది. చుట్టూ గదిలో పూలు పెట్టిన ఆడవాళ్లు. ఒక్కసారి తలుపు తీసి చూసుకుంటామని వాళ్లు, తియ్యనివ్వనని ఈమె. ఆమె చేస్తున్నది సరైన పనే. కరెంటు లేకపోయినా తలుపు మూసి ఉన్నంతసేపు గది చలిని పట్టి ఉంచుతుంది. తీసిన ప్రతిసారీ కొంత పోతుంది. ఒక ముసలమ్మ తన చామంతి బుట్టను చూసి వెంటనే మూసేస్తానని గడ్డం పట్టుకుని బతిమాలుతోంది.

“చూస్తే పూలు బతకవు పెద్దమ్మా. చూడకుంటేనే బతుకుతాయి” అంది రత్నమ్మ.

జెనరేటర్‌తో పాటు వచ్చిన ఆపరేటర్ పేరు బాషా. తన యంత్రాన్ని ఎవరైనా ఒక మాట అంటే సొంత బిడ్డను అన్నట్టు ఉలిక్కిపడతాడు. పోయిన వారం కల్యాణ మంటపం మొత్తాన్ని మోసిందని, మా కంపెనీ డబ్బానే దానికి గుదిబండ అయ్యిందని తేల్చేశాడు. రత్నమ్మ భర్త నారాయణప్ప లుంగీ ఎగగట్టి జెనరేటర్ చుట్టూ ప్రదక్షిణ చేస్తూ, “ఇది చిన్నదప్పా, పొద్దున్నే చెప్తి నేను” అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.

జెనరేటర్ మీద కంప్రెసర్ నడపాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు కంప్రెసర్‌ను విడదీసి జెనరేటర్‌ను ఖాళీగా నడపాలి. మూడు ఫేజుల్లోనూ వోల్టేజీ సమానంగా ఉందా, ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉందా మీటరు పెట్టి చూడాలి. ఫేజుల వరుస కూడా చూడాలి, అది తప్పితే కొన్ని కంప్రెసర్లు ఉల్టా తిరిగి పాడవుతాయి. నిమిషంలోనే అన్నీ చూసి ఆపించాను, సరిగ్గానే ఉన్నాయి. ఏ మోటారైనా ఎత్తుకునే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ లెక్క కూడా వేశాను. మా కంప్రెసర్‌కు ఆ జెనరేటర్ ధారాళంగా సరిపోతుంది.

అప్పుడు కంప్రెసర్‌ను కలిపాం. కరెంటు రాగానే అది లేవదు. లోపలి గ్యాసు ఒత్తిడి సర్దుకోవడానికి కంట్రోలర్ దాన్ని మూడు నిమిషాలు ఆపుతుంది. ఆ మూడు నిమిషాలూ ఇంజిను హాయిగా పాడింది. కంప్రెసర్ లేవగానే ఇంజిను మూలిగి, నల్లగా పొగ కక్కింది. బ్రేకరు టక్కున పడిపోయింది. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా “అయ్యో” అన్నారు.

బాషా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కంప్రెసర్ వైండింగులు పరీక్షించాను. మచ్చుకైనా లోపం లేదు. సరే, దాన్ని పూర్తిగా విడదీసి మళ్లీ జెనరేటర్ నడపమన్నాను. మూడు నిమిషాలు గడిచాయో లేదో ఇంజిను మళ్లీ మూలిగింది, ఈసారి కొంచెం ఎక్కువసేపు. మళ్లీ బ్రేకరు పడింది.

ఇప్పుడు బాషా ముఖం వాడింది. మోయడానికి ఏమీ లేకుండానే అతని యంత్రం చతికిలపడింది మరి. నాకు సంతోషించే తీరిక లేదు. ఇన్నేళ్ల సర్వీసులో బరువు లేకుండా కూలబడే జెనరేటర్‌ను నేను చూడలేదు. ఎండ నెత్తికెక్కింది, గది లోపలి వేడి చూపే అంకె మెల్లగా పైకి పాకుతోంది, నాకు ఒళ్లు మండిపోతోంది. ఇంకోసారి నడపమని బాషాకు చెప్పి, ముఖం కడుక్కుందామని తోట అంచున ఉన్న సిమెంటు తొట్టి దగ్గరికి వెళ్లాను. అక్కడ కాస్త నీడలో నిలబడి ఆలోచించి, చివరికి వంగి దోసిలి పట్టాను. నెత్తి మీదున్న లావుపాటి పైపు రెండుసార్లు దగ్గింది. భళ్లున నా మీద నీళ్లు కుమ్మరించింది. వెనక బ్రేకరు పడిన చప్పుడు. నీళ్లు ఆగిపోయాయి.

తడిసిన చొక్కాతో నేను అక్కడే పకపకా నవ్వాను. సార్‌కు ఎండదెబ్బ తగిలిందని ఆడవాళ్లు అనుకున్నారట.

“ఈ బోరుకు కరెంటు యాడనుంచి వస్తాండాది?” అని వాళ్ల యాసలోనే అరిచాను.

ఆ ప్రాంతం తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. తోటల లైనులో మూడు ఫేజుల కరెంటు కొన్ని గంటలే ఉంటుంది, ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకని ప్రతి బోరు స్టార్టరుకూ ఆటో స్విచ్ ఉంటుంది. కరెంటు వచ్చాక అది రెండు మూడు నిమిషాలు ఆగి, మోటారును తనే లేపుతుంది. స్టార్టరును ఆటోలో పెట్టి మరిచిపోవడం అక్కడి రైతులకు ఊపిరి తీసుకున్నంత సహజం. అయితే బోరుకూ కోల్డ్ రూముకూ వేరు వేరు లైన్లు ఉండాలి కదా?

నారాయణప్ప ఆకాశంలోకి చూస్తున్నాడు.

ఎండాకాలంలో తోట ఎండుతుంటే చూడలేక, ఆయన కోల్డ్ రూము బోర్డు నుంచి గుట్టుగా బోరుకు ఒక వైరు లాగాడు. ఆ బోర్డుకు ఇంకేదీ కలపకూడదని భార్య గట్టిగా చెప్పి ఉండడంతో ఆమెకు చెప్పలేదు. వానలు పడ్డాక తనూ మరిచిపోయాడు. పొద్దున జెనరేటర్‌ను కలిపింది ఆ బోర్డుకే. మా కంప్రెసర్ కన్నా ఎంతో పెద్దదైన బోరు మోటారు ప్రతిసారీ ఇంచుమించు దానితో పాటే లేచి, ఇంజినును కూలదోస్తోంది. కంప్రెసర్‌ను విడదీశాక దానికి కొంచెం ఊపిరాడి, నీళ్లు పైదాకా తేగలిగింది.

రత్నమ్మ తలుపు వదలకుండానే అడిగింది: “ఏమయ్యా, పొద్దున్నుంచి జెనరేటర్‌ను తిడతాండావే, ఆ వైరు ఈడ్చిండేది ఎవరు?”

“తోట ఎండిపోతాంటే చూస్తా కూసోమంటావా?” అన్నాడాయన. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. రత్నమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బోరు వైరు నేనే ఊడదీశాను. కంప్రెసర్‌ను కలిపి జెనరేటర్ నడిపాం. మూడు నిమిషాలు లెక్కపెట్టుకున్నాం. కంప్రెసర్ లేచింది. ఇంజిను ఒక్కసారి కుంగి, మళ్లీ నిలదొక్కుకుంది. లోపల ఫ్యాన్లు తిరిగిన చప్పుడు వినగానే బాషా తన యంత్రాన్ని అరచేత్తో తట్టాడు. తలుపు పక్కన అంకె దిగిన ప్రతిసారీ ఆడవాళ్లు “దిగినాది” అని కేకవేశారు. అంత మంది కలిసి ఒక థర్మామీటర్‌ను ఉత్సాహపరచడం నేను ఇంకెక్కడా చూడలేదు. నారాయణప్ప చొక్కా నాకిచ్చారు. అది నా పొట్ట మీద గుండీ పడలేదు. అలాగే కూర్చుని రాగిసంగటి తిన్నాను. చెప్పలేనంత సంతోషంగా ఉంది.

సాయంత్రం వ్యాను వచ్చాకే రత్నమ్మ తలుపు తీసింది. చల్లటి వాసన ముఖాలకు తగిలింది. ఆమె మొదటి బుట్ట ముసలమ్మ చేతుల్లో పెట్టి, “ఇప్పుడు చూడు పెద్దమ్మా” అంది. ముసలమ్మ ఒక చామంతిని చెంపకు ఆనించుకుంది.

“మంచు తడి గూడా ఆరలేదే” అంది.

వినాయక చవితికి ఆ గదిలో చోటు చాలలేదు. ఇంకో గది కట్టాలంటే ఎంత జాగా కావాలని రత్నమ్మ ఫోన్ చేసింది. కొలతలు చెప్పి, బోరు సంగతి అడిగాను. దానికి వేరే స్విచ్ పెట్టించామని పక్కనుంచి నారాయణప్ప గట్టిగా చెప్పాడు.

ఆ రోజు అక్కడ ఏ యంత్రమూ చెడిపోలేదు. కంప్రెసర్, జెనరేటర్, ఆటో స్టార్టర్ మూడూ తమ పని తాము చక్కగా చేశాయి. చెడిపోయినదాని కోసం వెతికినంతసేపూ నాకు ఏమీ దొరకలేదు. ఆ తరువాత జెనరేటర్ ఉన్న ఏ చోటికి వెళ్లినా, అది ఎంత మోయగలదని అడిగే ముందు, ఇక్కడ ఎవరూ ముట్టుకోకుండా తనంతట తాను లేచేది ఏముందని అడిగేవాణ్ణి. దగ్గర్లో నీళ్ల తొట్టి ఉంటే, మీటరు తీయక ముందే అక్కడికి వెళ్లి నిలబడేవాణ్ణి.