పులుపు తిన్న రాయి

సిద్దిరాములు ఏ ఊళ్లోనూ వరుసగా రెండు ఎండాకాలాలు చూడలేదు. వాళ్ల బాపు కరీంనగర్ పక్కన గుట్ట మీద రాళ్లు కొట్టే వడ్డెర. కొడుకు కూడా అదే సుత్తె పట్టుకుంటాడని ఆయన అనుకున్నాడు. కొడుకు పదహారో ఏట ఆ సుత్తెను గుట్ట మీదే పారేసి హైదరాబాదు పోయాడు. అక్కడ యాసీన్ మియా అనే ఉస్తాద్ దగ్గర చేరి, నవాబుల దేవిడీ భవంతుల్లో పాలరాతి గచ్చులకు మెరుగు పెట్టే పని నేర్చుకున్నాడు. పని చేతికి పట్టుబడిందో లేదో నిజాం రాజ్యం పోయింది. దేవిడీల వాళ్లు ఖర్చులు తగ్గించుకున్నారు. ముందుగా తగ్గింది గచ్చులు రుద్దేవాళ్లే. ఉస్తాద్ మంచం పట్టి, ఒక వానాకాలంలో పోయాడు.

ఆ తరువాత సిద్దిరాములు బెల్లంపల్లి బొగ్గుబాయిలో ఏడు నెలలు చేశాడు. మేస్త్రీ నోరు మంచిది కాదని మానేశాడు. జమ్మికుంటలో పత్తి మిల్లులో నాలుగు నెలలు ఉన్నాడు. దూది ముక్కుల్లోకి పోతోందని వదిలేశాడు. నిజామాబాదులో ఎందుకు మానేశాడో అతనికే గుర్తు లేదు. ఎక్కడ చేరినా మొదటి వారంలోనే అక్కడి నుంచి బస్సు ఎన్ని గంటలకు పోతుందో తెలుసుకునేవాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా వాళ్లవ్వ రామవ్వ అన్నం పెడుతూ ఒకటే అడిగేది:

"నీ అరికాళ్లల్ల ఎవలన్న నిప్పులు పోసిండ్రారా?"

"లోకమే నిప్పుల మీదున్నదే అవ్వా, నేనొక్కణ్నేనా?" అని చేయి కడుక్కుని లేచిపోయేవాడు.

అతని కోపం ఉత్త కోపం కాదు. రాళ్లు కొట్టేవాళ్లు జిల్లా నిండా ఉన్నారు. గీతలు పడ్డ పాలరాతిని మళ్లీ అద్దంలా చేయగలిగినవాడు తనకు తెలిసి తానొక్కడే. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని విద్య చేతిలో ఉంటే మనిషికి నిద్ర పట్టదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అతనికి ముప్పై నిండాయి. ఆ ఏడే జమ్మికుంట పత్తి వ్యాపారి లక్ష్మీరాజం సేటు కరీంనగర్‌లో ఒక దొర ఇల్లు కొన్నాడు. ఆ ఇంటి హాల్లో నూట ఇరవై పాలరాతి బండలు ఉన్నాయి. దొర ఖాళీ చేసి పోయాక ఎవరో ఆ హాలును వడ్ల గోదాంగా వాడుకున్నారు. ఇనుప తూకం రాళ్లు ఈడ్చారు, కాటా కాళ్లు గుంజారు. పాలరాయి ముఖాన ఎవరో గోళ్లతో రక్కినట్టు గీతలు పడ్డాయి. ఆ గీతల కింద రాయంతా తెల్లగా, గుడ్డిగా ఉంది. అది వడ్ల చెమ్మకు పట్టిన పొర అని సిద్దిరాములు అనుకున్నాడు.

సేటు మాట స్పష్టంగా చెప్పాడు: "ఏకాదశినాడు గృహప్రవేశం. జమ్మికుంట నుంచి మా సావుకార్లందరొస్తరు. నలుగురైదుగురు ఇండ్లు కడుతున్నరు, అందరు పాలరాయే అంటున్నరు. గచ్చు మెరిసిందా, నిన్ను నేనే వాళ్ల ముంగట నిలబెడ్త. లేకుంటే నీ తొవ్వ నీది."

సిద్దిరాములుకు కావలసింది అదే. నలుగురి ముందు నిలబడాలి. ఇది ఇతని చేతి పని అని ఒకరు గట్టిగా అనాలి. ఒక్కసారి అంటే చాలు. ఆ తరువాత ఏ ఊరి బస్సు గురించీ అడగనక్కరలేదు.

ఇద్దరు కూలీలను పెట్టుకుని నెల రోజులు రుద్దాడు. ముందు గరుకు రాయి, నీళ్లు. తరువాత దానికంటే నున్నని రాయి, నీళ్లు. ఆ తరువాత ఇంకా నున్ననిది. ఒక రాయి గీతలు పూర్తిగా పోకముందే రెండో రాయి పడితే, ఆ గీతలు అప్పటికి దాక్కుని, చివరికి మెరుగు వచ్చాక బయటపడతాయి. అందుకని ఓపిక పట్టాలి. ఓపిక అతని వంట్లో లేదు. పళ్లు బిగబట్టి తెచ్చుకున్నాడు. మోకాళ్లు రాయి మీద ఉన్నా చెవులు రోడ్డు మీద ఉండేవి. బస్సు హారను వినిపిస్తే చేయి ఒక్క క్షణం ఆగేది.

ఆ ఇంట్లో పని మధ్య మాటకు దొరికే మనిషి యాదవ్వ ఒక్కతే. దొరల కాలం నుంచి ఆ ఇల్లు ఊడ్చి, కడిగి, తుడిచే విధవ. వెనక మెట్ల కింద చిన్న అర్రలో ఆమె కాపురం. తలుపులు, కిటికీలతో పాటు ఆమె కూడా సేటుకు వచ్చింది. ఆమెను ఉంచుకుంటాడో పంపిస్తాడో సేటు ఇంకా తేల్చలేదు. "గృహప్రవేశం అయినంక చూద్దాం" అన్నాడు.

రోజూ మధ్యాహ్నం ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి గడప మీద కూర్చునేది.

"గంతగనం రుద్దుతున్నవ్, రాయి అరిగి కిందికి పోదా కొడుకా?"

"పోనియ్యి. కింద ఇంకో ఇల్లు అవుపడితే అది గూడ కొంటడు మీ సేటు."

"నీ నోరు పాడుగాను! నేను కొత్తగ పనికొచ్చినప్పుడు గీ గచ్చుల నా మొఖం అవుపడేది. మంచిగుంటి అప్పుడు."

"నువ్వు మంచిగుంటివా, గచ్చు మంచిగుండెనా?"

"ఇద్దరం" అని పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

గృహప్రవేశం గురువారం. మంగళవారం మధ్యాహ్నానికి పని ముగిసింది. తగరపు బూడిద చల్లి తడి నమ్దా ఉన్నిగుడ్డతో ఆఖరి రుద్దుడు రుద్దాక, సిద్దిరాములు చెంప నేలకు ఆనించి కిటికీ వెలుగుకు ఎదురుగా చూశాడు. ఒక్క గీత లేదు. దూలాలు, కిటికీ కమ్ములు, ఆకాశం ముక్క, అన్నీ నేలలో తలకిందులుగా ఉన్నాయి. సేటును పిలిచి చూపించాడు. సేటు చెప్పులు విడిచి, పంచె ఎత్తి పట్టుకుని, చెరువులో దిగేవాడిలా అడుగు వేశాడు.

"అద్దమేరా ఇది!"

ఆ మాట పడ్డ పావుగంటకు సిద్దిరాములు సంచీ సర్దుకున్నాడు. జగిత్యాలలో లింగమూర్తి అనే గుత్తేదారు ఉన్నాడు. నిర్మల్‌లో ఎవరిదో పెద్ద ఇంటి పని పట్టాడని విన్నాడు. అతన్ని కలిసి, సోమవారం నుంచి నిర్మల్‌లో పని మొదలుపెడతానని మాట ఇచ్చి, బుధవారం మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. గృహప్రవేశం చూసుకుని, పొగడ్త విని, బస్సెక్కాలి. అంతే.

హాల్లో అడుగు పెట్టగానే పుల్లటి వాసన కొట్టింది. సేటు నడుము మీద చేతులు పెట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాడు. అతని కింద గచ్చు పొర కమ్మిన కన్నులా ఉంది. దూలాలు లేవు, ఆకాశం లేదు.

"ఏందిర ఇది? నిన్న అద్దం, ఇయ్యాల సున్నం గోడ. ఏం పూసి మెరిపిచ్చినవ్? ఒక్క పూటకే దిగిపోయె!"

గడప దగ్గర నుంచి యాదవ్వ ముందుకు వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"పొద్దుగాలనే లేచి నేనే కడిగిన సేటూ. కుండెడు చింతపండు పిసికిన. పండుగ ముంగట గట్లనే కడుగుతం మేము. జర ఆరనియ్యి, ఎట్ల మెరుస్తదో చూడు."

సిద్దిరాములు సంచీ కింద పడేశాడు. "ముసల్దానా! ఎంత పని చేసినవే! పులుపు తాకితే పాలరాయి సచ్చిపోతదే!"

సేటు నమ్మలేదు. "చింతపండుకు పండ్లు పులుస్తయి గాని రాయి పులుస్తదార? నీ పనితనం బయటపడ్డదని ముసల్దాని మీదికి నూకుతున్నవా?"

అబద్ధమని అనేసరికి సిద్దిరాములుకు ఒళ్లు మండింది. హాలు మూలన పూజకు వేసిన పీట ఉంది. దాని కింద బండకు చింతపండు నీళ్లు అంటలేదు. పీట జరిపాడు. ఆ ఒక్క బండ ఇంకా అద్దంలా ఉంది. యాదవ్వ కుండలో మిగిలిన పిప్పి చిటికెడు తీసి బండ మధ్యలో పెట్టాడు.

"బీడీ ముట్టియ్యి సేటూ. అది అయిపోయేదాక ఆగు."

బీడీ అయిపోయింది. సిద్దిరాములు పిప్పి తీసి తడిగుడ్డతో తుడిచాడు. అద్దం మధ్యలో రూపాయి బిళ్లంత గుడ్డి మచ్చ. సేటు వంగి బొటనవేలితో రుద్దాడు. మళ్లీ రుద్దాడు. మచ్చ పోలేదు. లేచి యాదవ్వ వైపు తిరిగాడు.

"పండుగ అయినంక చూద్దామనుకున్న. ఇప్పుడే చూసిన. నీ బట్టలు మూట కట్టుకో." సిద్దిరాములుతో మాత్రం మెత్తగా అన్నాడు: "నీ తప్పు గాదు. రేపొచ్చేటోళ్లకు నేనే చెప్త."

సిద్దిరాములు పేరు నిలిచింది. నిలిచిన పేరుతో వాకిట్లోకి వచ్చాడు. మెట్ల కింద అర్రలో యాదవ్వ రెండు చీరలు, ఒక గిన్నె పాత దుప్పటిలో కట్టుకుంటోంది. ఏడవడం లేదు. ఏడిస్తే అతనికి సులువుగా ఉండేది.

"నువ్వు నిజమే చెప్పినవ్ కొడుకా" అంది, ముడి బిగిస్తూ. "ముప్పై ఏండ్లు గట్లనే కడిగిన. బిందెలు మెరుస్తలేవా, గచ్చు గూడ మెరుస్తదని దొరసానే చెప్పింది. అది రాయిని తింటదని ఎవ్వలు చెప్పలే. నీకు ఎరుకనేనాయె. నెల రోజులు నా చేతి నీళ్లు తాగినవ్. ఒక్క మాట చెప్పకపోతివి?"

'నువ్వు అడిగినవా?' అనబోయాడు. అంతలో ఉస్తాద్ గుర్తుకొచ్చాడు.

యాసీన్ మియా పని ముగిశాక ముందు నవాబుకు సలాం చేయడానికి పోయేవాడు కాదు. ఆ ఇంట్లో గచ్చు తుడిచే ఆమెను పిలిపించేవాడు. ఆమెను నేల మీద కూర్చోబెట్టి, గుడ్డ చేతికిచ్చి, తన ముందు ఒక బండ తుడిపించేవాడు. ఉత్త నీళ్లు, మెత్తని గుడ్డ, పులుపు వద్దు, బూడిద వద్దు. ఆమె ఆ మాట తిరిగి చెప్పేదాకా లేచేవాడు కాదు. యజమాని చూసేది ఒకరోజు, రోజూ చేయి పెట్టేది ఈమె, ఈమెకు అప్పజెప్పనిదే పని అయినట్టు కాదు, అనేవాడు. ఆ సేపంతా సిద్దిరాములు భుజాన సంచీ వేసుకుని గడపలో కాలు ఆడిస్తూ నిలబడేవాడు. అది ముసలాయన చాదస్తం అనుకున్నాడు. పనంతా నేర్చుకుని అదొక్కటి వదిలేశాడు. గీతల కింద కనిపించిన తెల్లపొర వడ్ల చెమ్మది కాదని కూడా ఇప్పుడే తెలిసింది. అది యాదవ్వ చేతుల ముప్పై ఏళ్ల కష్టం. మొదటి రోజే ఒక ప్రశ్న అడిగితే తేలిపోయేది. అడిగే తీరిక తనకెక్కడిది!

మళ్లీ హాల్లోకి పోయాడు. అప్పటికి జమ్మికుంట నుంచి ఇద్దరు సావుకార్లు ముందుగా దిగి, జంపఖానా మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. అతన్ని ఎవరి ముందు నిలబెడతానని సేటు అన్నాడో, వాళ్లే.

"సేటూ, తప్పు యాదవ్వది గాదు. నాది. పని అప్పజెప్పకుంట పోయిన."

"నిన్న నాకు చూపిస్తివి గదరా?"

"మీకు చూపిచ్చిన. తుడిచేటామెకు చెప్పలే. మా పనిల అది చెప్పందే పని అయినట్టు గాదు."

సావుకార్లలో లావుపాటాయన చాయ్ పొలమారేలా నవ్వాడు. "అంటే చింతపండు పోసింది నువ్వేనన్నట్టు! చింతపండు ఉస్తాద్!"

సేటుకు నవ్వు రాలేదు. "ఇప్పుడేమంటవ్?"

"గీతలైతే లేవు, పోయింది మీది మెరుగే. ఐదు రోజులల్ల మళ్ల రుద్ది ఇస్త. నా తప్పుకు నేను కూలి అడగ. కాని యాదవ్వ ఇక్కడనే ఉండాలె. ఆమెను ఎల్లగొట్టి ఇంకొకామెను పెట్టుకుంటవ్, ఆమె గూడ మొదటి పండుగకే చింతపండు కుండ పట్టుకస్తది. యాదవ్వకైతే ఇగ జన్మల మతికుంటది."

సేటు వ్యాపారి. లెక్క అతనికి అర్థమైంది. "ఉండనియ్యి" అన్నాడు, చేయి విసురుతూ.

గురువారం గృహప్రవేశం జరిగింది. గచ్చు కనపడకుండా హాలంతా జంపఖానాలు పరిచారు. ఆవు కూడా జంపఖానా మీదే నడిచింది. వచ్చినవాళ్లు సిద్దిరాములు పనిలో ఒక్క బండా చూడలేదు. చింతపండు కథ మాత్రం అందరూ విన్నారు, విస్తళ్ల ముందు చెప్పుకుని నవ్వారు. నీ ఊరేది, నీ పేరేదని ఒక్కరూ అడగలేదు. సోమవారం దాటాక లింగమూర్తి నిర్మల్ పనికి హైదరాబాదు నుంచి వేరేవాళ్లను పిలిపించుకున్నాడు. చింతపండు ఉస్తాద్ అన్న పేరు మాత్రం ఊరూరూ తిరిగింది. పదేళ్లకు ఆదిలాబాదులో ఒక ఇంటికి పని అడగడానికి పోతే, ముక్కూ ముఖం తెలియనివాళ్లు ఆ పేరుతోనే పిలిచారు.

ఆ ఐదు రోజులూ అతను రుద్దుతూ తిట్టుకుంటూనే ఉన్నాడు. సేటును, సావుకార్లను, లింగమూర్తిని, చింతచెట్లను కూడా. ఐదో రోజు మధ్యాహ్నం యాదవ్వను పిలిచి, మొదటి బండ ముందు కూర్చోబెట్టి, తడిగుడ్డ చేతికిచ్చాడు.

"ఉత్త నీళ్లేనా?" ఆమె ముఖం చిట్లించింది. "ఉత్త నీళ్లతోని తుడిస్తే తుడిచినట్టుంటదా?"

"ఉంటది. తుడువు."

"వాసనన్న రాదాయె."

"గచ్చును ఎవలన్న వాసన చూస్తరా? తుడువు అవ్వా."

ఆమె ఒక బండ తుడిచింది. తలవంచి అందులోకి చూసింది. పైట సర్దుకుంది. రెండోదానికి జరిగింది. బయట జగిత్యాల బస్సు హారను మోగింది. సిద్దిరాములు కాలు ఒకటి దానంతటదే లేచింది.

"నీ బస్సు పోతది కొడుకా."

"పోనియ్యి. ఇంకోటి తుడువు."

యాదవ్వ గుడ్డ పిండి, మళ్లీ ముంచి, నీళ్లు కారనిచ్చి, మూడో బండ మీద పరిచింది. ఆమెకు ఏ తొందరా లేదు. ఇంకా నూట పద్దెనిమిది బండలున్నాయి.