నేరం తుత్తానిది కాదు

పూర్తి పేరు చెప్పమంటే, "బైండరు అని రాసుకోండి టీచరుగారూ, మా ఆవిడ కూడా అంతే పిలుస్తుంది" అన్నాడాయన, మా పాఠశాల గ్రంథాలయంలో పాత పుస్తకాలు బైండు చేయడానికి వచ్చిన తొలిరోజు. కుట్టు ఊడిన నిఘంటువును బొటనవేలితో తడిమి, "దీన్ని చింపింది పిల్లలు కాదు, మీరే. ఒక్క పేజీ దగ్గర ఇంత అరుగుదలా!" అని నవ్వాడు. నిజమే. ఆ వేలికి తెలియని కాగితం లేదు.

ఇరవయ్యేళ్ల తరువాత, పేగులోని క్యాన్సరు గడ్డను కోసి తీసేశాక, ఆయనకు కీమో మాత్రలు మొదలుపెట్టారు. రెండు వారాలు మింగాలి, ఒక వారం మానాలి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడితే మాత్రలు ఆపి వెంటనే రమ్మని డాక్టరు గట్టిగానే చెప్పారు.

మూడో విడతలో అరచేతులు ఎర్రబడ్డాయి. బైండరు ఆ నేరాన్ని మైలుతుత్తం మీద వేశాడు. పురుగు పట్టకుండా మైదా జిగురులో కలిపే ఆ నీలిపొడి చేతులను కొరకడం ఆయన వృత్తిలో మామూలే. జిగురు పని భార్యకు అప్పగించాడు. మాత్రలు మాత్రం పూట తప్పకుండా మింగాడు.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి అరచేతుల చర్మం తడిసిన కాగితంలా పొరలుగా లేస్తున్నది.

"ఇదేమిటి?" అన్నాను.

"తుత్తం ఎక్కువైందండీ. మా ఆవిడది పెద్ద చెయ్యి కదా!"

"ఆహా! ఎర్రబడ్డాకేగా నాకు అప్పగించారు? నా మీద వేయడానికి ఇంకేం దొరకలేదా?" అన్నది ఆవిడ, జిగురు బ్రష్షు ఆపకుండానే.

నాకు మంచినీళ్లు తేవడానికి ఆయన లేచాడు. పాదాల అంచుల మీద, నిప్పుల్లో నడిచినట్లు నడిచాడు.

నేను ఆయన పాదాల వైపు చూపించాను. "జిగురులోకి కాళ్లతో కూడా దిగారా?"

ఆయన నీళ్లగ్లాసు నా ముందు పెట్టాడు. "చూపిస్తే మాత్రలు ఆపేస్తారు టీచరుగారూ. ఆపితే అది మళ్లీ వస్తుంది."

ఆవిడ చేతిలోని బ్రష్షు జారి పడింది.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో చేర్చాము. అప్పటికే ఒళ్లు కాలిపోతున్నది, నోరంతా పుండ్లు, తొడల మీద బొబ్బలు. మాత్రలు ఆపించిన డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "ఇక అరచేతులతో ఆగేది కాదిది. ఒంటి చర్మమంతా లేచిపోతే మనిషి దక్కడం కష్టం" అన్నారు.

మర్నాడు నర్సు ఆయన వీపు మీది ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీసి, ఎరుపు ఆ గీత దాటితే తమను పిలవమన్నది. సాయంత్రం నేను వెళ్లినప్పుడు ఆయన పక్కకు తిరిగి పడుకొని ఉన్నాడు. భార్య మంచం చివర నిలబడి, నా కళ్లలోకి చూడకుండా దుప్పటి అంచు సర్దుతున్నది. ఆయన నన్ను చివరిసారిగా అడిగినది అప్పుడే. పుండ్ల నోటితో, ఒక్కొక్క మాటే కూడదీసుకొని అడిగాడు:

"మా ఆవిడ దాటలేదంటోంది. ఆవిడ నన్ను భయపెట్టదు. మీరైతే తప్పును తప్పనే అంటారు. దుప్పటి ఎత్తి చూసి చెప్పండి టీచరుగారూ, గీత దాటిందా?"